ఎదిగే కాలు, కొలిచే చేయి

సాహిత్య విమర్శకు కేటాయించిన పుటల్లో పిల్లల బూట్ల గురించి రాయటమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. అడగటం న్యాయమే. కాని మనం చాలాకాలంగా చెపుతూ వస్తున్న మాట ఒకటున్నది: మనిషి బ్రతుకులో ఏ వస్తువూ వట్టి వస్తువు కాదు, దాని వెనుక మనుషుల మధ్య సంబంధాలున్నవి. ఈ మాటను మనం కావ్యాలకు అన్వయిస్తాం, నవలలకు అన్వయిస్తాం. గడప దగ్గర విడిచిన ఒక చిన్న జోడుకు అన్వయించి చూడటం మనకంత అలవాటు లేదు. నాకు ఇద్దరు పిల్లలు. ఏటా జూన్‌లో వాళ్ళకు బూట్లు కొనాలి. ఆ పనిలో దిగిన కొద్దీ అది ఒక ఇంటి పనిగా కాక మన సమాజం తన పిల్లలను ఎలా చూస్తున్నదో తెలిపే పనిగా కనిపించసాగింది. ఆ సంగతే ఇక్కడ చెప్పదలచుకొన్నాను.

మాది పెద్దతిప్పసముద్రం. మంచి బడి బూట్లు కావాలనుకొన్నవాళ్ళు బి.కొత్తకోట మీదుగా మదనపల్లె పోతారు. జూన్ మొదటి వారంలో అక్కడ ఏ చెప్పుల అంగడిలో నిలబడినా వినిపించే సంభాషణ ఒకటే. తల్లి అంటుంది: "ఎదిగే కాలు గదన్నా, ఒగ నంబరు పెద్దదే ఇయ్యి." అంగడివాడు అంతకన్నా ఉదారుడు: "ఒకటేమి, రెండు నంబర్లు పెద్దదే తీసుకోక్కా. ముందర రోంత దూది పెట్టు. వచ్చే ఏడూ ఇవే వస్తాయి." పిల్లవాడు కొత్త బూట్లు తొడుక్కొని, నీళ్ళలో నడిచినట్లు నాలుగడుగులు వేస్తాడు. మడమ లేస్తుంది, బూటు లేవదు. అందరూ నవ్వుతారు, బేరం ముగుస్తుంది. "ఎట్లుందిరా?" అని ఎవరైనా అడిగితే, పాతది పోయి కొత్తది వచ్చిన ఆనందంలో వాడు "బాగుండాది" అనే అంటాడు.

ఈ సంభాషణలో ఎవరినీ తప్పుపట్టటానికి లేదు. ఆ తల్లి టమాటా తోటలో కూలికి పోయేదైతే, ఒక జోడు ఖరీదు ఆమెకు ఒకటి రెండు రోజుల కూలి. ఏడాదిలోపల మరో జోడు కొనే స్థితి ఆమెకు లేదు. కాబట్టి రాబోయే ఏడాది ఎదుగుదలను ఆమె ఈ ఏడే కొని పెట్టుకొంటున్నది. బిడ్డ ఎదుగుతాడన్న సంతోషమూ, ఎదిగితే ఖర్చు అవుతుందన్న భయమూ, రెండూ కలిసి ఆ ఒక్క నంబరులో ఉన్నవి. సంపన్నుల ఇంట పిల్లవాడి ఎదుగుదల పండుగ. పేద ఇంట అది పండుగా అవుతుంది, అప్పూ అవుతుంది.

ఇక ఆ నంబరు సంగతి. మా అమ్మాయికి ఏడేళ్ళు. అంగడిలో నంబరు విని అడిగింది: "నాయనా, పోయినేడు నాది పదమూడు గదా, ఇప్పుడు ఒకటంటాడే? నా కాలు చిన్నదైపోయిందా?" అంగడివాడు నవ్వాడే గాని జవాబు చెప్పలేదు. జవాబు ఇంగ్లండులో ఉన్నది. అక్కడి పాత లెక్కలో మూడు బార్లీ గింజలు వరసగా పేరిస్తే ఒక అంగుళం. ఒక నంబరుకూ మరొక నంబరుకూ మధ్య తేడా ఒక బార్లీ గింజ, అంటే అంగుళంలో మూడో వంతు, సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. పిల్లల నంబర్లు పదమూడు దాకా పోయి, మళ్ళీ ఒకటి నుంచి పెద్దవాళ్ళ నంబర్లు మొదలవుతవి. ఐరోపా ఖండంలో మరొక లెక్క ఉన్నది. అక్కడ ఒక నంబరు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. మన పెట్టెల మీద ఈ రెండు లెక్కలూ పక్కపక్కనే అచ్చువేసి ఉంటవి. వేరుశెనగ పండే నేలలో పుట్టిన పిల్ల పాదాన్ని మనం ఇంగ్లీషు బార్లీ గింజలతో కొలుస్తున్నాం. తెల్లవాడు పోయినా కొలబద్ద పోలేదనటానికి ఇంతకన్నా చిన్న ఉదాహరణ, ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

మా చిన్నతనంలో నంబర్ల గొడవ ఇంతగా లేదు. మా సీమలో చెప్పులను మెట్లు అంటారు. నాయన మదనపల్లెకు పోయే రోజు తెల్లవారుజామున, నేను నిద్రలో ఉండగానే, అమ్మ చీపురుపుల్ల ఒకటి తెచ్చి నా అరికాలికి ఆనించేది. మడమ నుంచి బొటనవేలి కొస దాకా చూసి, ఒక వేలి వెడల్పు అదనంగా ఉంచి విరిచేది. ఆ పుల్లను నాయన రొంటిన దోపుకొని పోయేవాడు. అంగట్లో చెప్పు మీద పుల్ల పెట్టి, సరిపోతే కొనేవాడు. బస్సు చార్జీ రెండు టిక్కెట్లు పెట్టుకోవటం ఇష్టం లేక కనిపెట్టిన పద్ధతి అది. ఇలా పుల్లతోనో పురికొసతోనో కొలత పట్టుకొని సంతకు పోయిన తల్లిదండ్రులు మా పల్లెల్లో ఎందరో ఉన్నారు.

ఆ చీపురుపుల్లను నేను తక్కువ చేయను. పాదానికి ముందు కొంత చోటు విడవాలన్న సంగతి మా అమ్మకు ఏ వైద్యుడూ చెప్పలేదు. నిలబడ్డప్పుడు అన్నిటికన్నా పొడుగు వేలికి ముందు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలని ఇప్పుడు పాదాల నిపుణులు చెపుతున్నదీ, ఆమె వేలి వెడల్పూ ఇంచుమించు ఒక్కటే. కాని ఆ పుల్లకు తెలియనివి మూడున్నవి. పడుకొన్న పాదంకన్నా బరువు మోస్తూ నిలబడ్డ పాదం పొడుగూ, వెడల్పూ కూడా. కుడి ఎడమ పాదాలు సరిగ్గా సమానంగా ఉండటం అరుదు, పెద్దదాని కొలతే కొలత. అన్నిటికన్నా ముఖ్యమైనది, పుల్లకు పొడుగు తెలుసు, వెడల్పు తెలియదు. చెప్పుకైతే అది పెద్ద లోపం కాదు. నాలుగు వైపులా మూసిన బూటుకు ప్రాణమంతా వెడల్పులోనే ఉన్నది.

ఇక్కడ పాదం గురించి నాలుగు మాటలు చెప్పాలి. పెద్దవాళ్ళ పాదంలో ఇరవైయారు ఎముకలున్నవి. పసిపిల్లల పాదంలో వాటిలో చాలాభాగం ఇంకా మెత్తని మృదులాస్థి. అది గట్టిపడి పూర్తి ఎముకగా మారటానికి యౌవనం దాకా పడుతుంది. కాబట్టి బిగువైన బూటు పెద్దవాడి కాలిని కరుస్తుంది, పసివాడి కాలిని వంచుతుంది. కరిస్తే నొప్పి తెలుస్తుంది. మెల్లగా వంగేటప్పుడు అంతగా తెలియదు. చిన్నపిల్లలు "బిగువుగా ఉంది" అని చెప్పకపోవటానికి కారణం ఇదే. బడి ఈడు పిల్లల పాదం ఏడాదికి ఇంచుమించు ఒక నంబరు పెరుగుతుంది, ఇంకా చిన్నపిల్లలకు అంతకన్నా వేగంగా పెరుగుతుంది. అందుకని పిల్లను అడిగి ఊరుకోకూడదు, మూడు నాలుగు నెలలకొకసారి చేత్తో చూడాలి. సాయంత్రం పూట, మేజోడు తొడిగి, నిలబెట్టి, బొటనవేలికి ముందు నొక్కి చూడాలి. వెడల్పు చోట బూటు తోలును చిటికెతో పట్టుకొని చూడాలి. మడమ జారకుండా ఉన్నదా అని నడిపించి చూడాలి. దీనికి చదువు అక్కరలేదు, వంగే ఓపిక కావాలి.

రెండు నంబర్ల పెద్ద బూటు బిగువు బూటుకు విరుగుడు కాదు. పాదం లోపల ముందుకూ వెనక్కూ జారుతుంది. జారకుండా ఆపటానికి పిల్లవాడు ప్రతి అడుగుకూ వేళ్ళను ముడుస్తాడు. మడమ ఒరుసుకొని బొబ్బలెక్కుతుంది. పరుగులో పడతాడు. బూటు వంగవలసిన చోటూ పాదం వంగే చోటూ వేరు వేరుగా ఉంటవి. చివరకు ఆ బూటు సరిపోయే రోజు వచ్చేసరికి అడుగు అరిగి, కుట్టు ఊడి ఉంటుంది. అంటే ఆ పిల్లవాడు సగం కాలం పెద్ద బూటులోనూ, మిగతా కాలం చిరిగిన బూటులోనూ నడుస్తాడు. సరిపోయిన కొత్త బూటు వాడికి ఎన్నడూ దక్కదు.

ఈ మాట వినగానే ఒక రకం పెద్దమనుషులు, "అసలు బూట్లెందుకు? మన పూర్వులు చెప్పుల్లేకుండా నడవలేదా? ఒట్టి కాళ్ళే ఆరోగ్యం" అంటారు. వారి చేతికి ఒక మంచి ఆధారం కూడా ఉన్నది. మణిపాల్ వైద్య కళాశాలకు చెందిన ఉదయ రావు, బెంజమిన్ జోసెఫ్ అనే ఇద్దరు నాలుగు నుంచి పదమూడేళ్ళ వయసున్న 2,300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలించి, ఫలితాలను 1992లో ప్రకటించారు. పాదరక్షలు తొడిగే పిల్లల్లో నూటికి 8.6 మందికి చదును పాదాలున్నవి, తొడగనివారిలో 2.8 మందికి మాత్రమే. వేళ్ళు మూసే బూట్లు తొడిగేవారిలో ఈ లోపం అందరికన్నా ఎక్కువ, తెరచిన చెప్పులు తొడిగేవారిలో తక్కువ.

ఈ ఆధారం సరైనదే, దాని నుంచి తీసే తీర్పు సరైనది కాదు. ఆ పరిశీలన చెప్పేది బిగించిన, మూసిన బూటు ఎదిగే పాదానికి శత్రువని. పేద పిల్లలకు ముళ్ళూ రాళ్ళూ మేలని కాదు. ఒట్టి కాళ్ళ ఆరోగ్యాన్ని కీర్తించేవారు మా పొలాల గట్ల మీద ఏప్రిల్ మధ్యాహ్నం ఒక ఫర్లాంగు నడిచి చూడాలి. పల్లేరుగాయలూ తుమ్మముళ్ళూ ఎవరి పాదాలనూ గౌరవించవు. తడినేలలో ఉండే కొంకిపురుగు పిల్ల అరికాలి చర్మాన్ని తొలుచుకొని శరీరంలోకి పోతుంది, పేగులకు అంటుకొని నెత్తురు తాగుతుంది. 2015లో మొదలైన నులిపురుగుల నివారణ దినాల్లో బడిపిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. మాత్ర మంచిదే, కాని ఆ పురుగు లోపలికి వచ్చే దారి పాదమే. కడుపులో మందు వేసి, కాలిని ఒట్టిగా వదిలేయటం చెరువుకు గండి పూడ్చకుండా నీళ్ళు తోడిపోసినట్లుంటుంది.

కాబట్టి ప్రశ్న పాదరక్ష కావాలా వద్దా అన్నది కాదు. ఎలాంటిది, ఎవరి కొలతకు అన్నదే ప్రశ్న. ఆ కొలత గురించి మాట్లాడేటప్పుడు మన ఊళ్ళలో పాదాలను ఎవరు కొలిచేవారో తలచుకోకుండా ముందుకు పోవటం అన్యాయం.

ఒకప్పుడు రైతు కాలికి చెప్పు కుట్టేది మాదిగ. కపిల బావికి తోలు తొండమూ, ఎద్దు మెడకు పట్టెడా, రైతు కాలికి కిర్రు చెప్పులూ అతని చేతి నుంచే వచ్చేవి. ప్రతిఫలం కళ్ళంలో కొలిచే మేర గింజలు. అతడు రైతు పాదాన్ని తోలు మీద పెట్టించి చుట్టూ గీత గీసేవాడు. వేళ్ళ మొదట పాదం ఎంత వెడల్పో, మడమ ఎంత పల్చనో, ఏ వేలికి ఆనెకాయ ఉన్నదో అతనికి తెలుసు. ఆ పాదం ఏటేటా మారే తీరూ తెలుసు. ఇది శాస్త్రమే. కాని ఆ శాస్త్రం నేల మీద కూర్చొని చేసేది కనుక, చర్మాన్ని తాకేది కనుక, దానికి మన సమాజం 'అంటు' అని పేరుపెట్టింది. తాను కుట్టిన చెప్పులు తొడుక్కొని ఊరి నడివీధిలో నడిచే హక్కు అనేక గ్రామాల్లో అతనికే లేకపోయింది. చేతపట్టుకొని పోవలసి వచ్చేది. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో జాషువా తన కథానాయకుణ్ణి చెప్పులు కుట్టి బ్రతికేవాడిగానే నిలిపాడు. తరగతిలో ఆ కావ్యం చెప్పేటప్పుడు మనం కరుణరసం దగ్గర ఆగిపోతుంటాం. అక్కడ ఒక శ్రామికుడి నైపుణ్యం కూడా ఉన్నదని విద్యార్థులకు చెప్పాలి. దేశం కాళ్ళ కొలతలన్నీ తెలిసినవాడు ఆకలితో ఉన్నాడన్నది ఆ కావ్యంలోని ఆర్థికశాస్త్రం.

1930లలో కలకత్తా దగ్గర బాటావారి కర్మాగారం వెలిసింది. కర్మాగారపు జోడు చవకగా వచ్చింది, కులం అడగకుండా అందరికీ అమ్ముడుపోయింది. ఇది అభ్యుదయమే, కాదనకూడదు. మాల మాదిగ వాడల్లో మొదటిసారి బూట్లు తొడిగిన కాళ్ళు చాలావరకు కర్మాగారపు బూట్లే తొడిగినవి. కాని ఆ మార్పులో ఒకటి వచ్చి మరొకటి పోయింది. నంబరు వచ్చింది, కొలత పోయింది. పాదానికి చెప్పు చేయటం పోయి, ఉన్న నంబర్లలో పాదం ఇమడటం వచ్చింది. కొన్నాళ్ళపాటు అంగళ్ళలో చిన్న పీట మీద కూర్చొని, ఇనుప కొలబద్ద మీద పాదం పెట్టించి చూసే పనివాడుండేవాడు. ఇప్పుడు పెద్ద దుకాణాల్లో పెట్టెలు మనమే తీసుకోవాలి. ఫోనులో కొనేవారికి పాదమే అక్కరలేదు. కొలిచే చేయి నానాటికీ కనుమరుగవుతున్నది.

సరిగ్గా ఈ సమయంలోనే మన రాష్ట్రంలో ఒక విశేషం జరిగింది. దాన్ని మనం తగినంతగా గమనించలేదు. 2020 అక్టోబరు 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'జగనన్న విద్యా కానుక' ప్రారంభించింది. ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి పదో తరగతి దాకా, నలభై లక్షలకు పైబడిన పిల్లలకు పుస్తకాలతో, దుస్తులతో పాటు ఒక జత బూట్లు, రెండు జతల మేజోళ్ళు ఇచ్చే పథకం అది. ప్రభుత్వం మారిన తరువాత 2025 జూన్‌లో 'సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర' అన్న పేరుతో బూట్లూ మేజోళ్ళూ ఉన్న సంచులు పంచారు. పేర్లు మారినవి, పార్టీలు మారినవి. పిల్లవాడి కాలికి బూటు ఉండాలన్న మాట మాత్రం నిలిచింది. ప్రజల హక్కుగా ఒకసారి పాతుకొన్నదాన్ని పెరికివేయటం ఏ ప్రభుత్వానికీ తేలిక కాదు.

అయితే నేను విశేషమన్నది బూటును కాదు, దానికోసం తీసిన కొలతను. పిల్లల పాదాల కొలతలు తీసి యాప్‌లో ఎక్కించే పని ఉపాధ్యాయుల మీద పడింది. ఉన్న పనులకు తోడు మరొక పని, అదీ చదువు చెప్పే పని కాదు. ఉపాధ్యాయ మిత్రులు విసుక్కొన్నారు, ఆ విసుగులో న్యాయమున్నది. కాని ఒక అధ్యాపక మిత్రురాలు చెప్పిన దృశ్యం నా మనసులో నిలిచిపోయింది. ఒక పల్లె బడిలో ఆమె నేల మీద స్కేలు పెట్టి, ఒక్కొక్క పిల్లను పిలిచి, మడమ గోడకు ఆనించి నిలబెట్టి, వంగి కొలత చూసింది. ఎస్సీ కాలనీ నుంచి వచ్చే ఒక పాప కాలు వెనక్కు లాక్కొన్నదట: "వద్దు టీచరమ్మా, మీరు నా కాలు ముట్టగూడదు, మా జేజి తిడుతుంది." ఆమె కాలు పట్టుకొనే కొలిచింది.

గురువు పాదాలకు శిష్యుడు మొక్కే దేశం మనది. ఇక్కడ గురువు శిష్యురాలి పాదం దగ్గర వంగింది. మొక్కటానికి కాదు, మిల్లీమీటర్లు చూడటానికి. మొక్కులో ఎంత భక్తి ఉన్నా పాదానికి మేలు లేదు. తిరుపతిలో అలిపిరి పాదాల మండపం దగ్గర భక్తులు స్వామి పాదుకలను తలకెత్తుకొని ప్రదక్షిణం చేస్తారు. భరతుడు పాదుకలకు పట్టం కట్టిన కథ మనకు బాల్యం నుంచీ తెలుసు. పూజించటానికి పాదం మనకెప్పుడూ పవిత్రమే, కొలిచి జోడు చేయవలసి వస్తేనే అపవిత్రం. ఆ బడిలో ఆ టీచరమ్మ చేసిన పని మన సంస్కార గ్రంథాలు ఎన్నో చేయలేని పని.

కాని కొలత తీయటంతో కథ ముగియదు, కొలత ప్రకారం జోడు చేరాలి. ఇక్కడ లెక్క ఒకటి చూద్దాం. బూటు జూన్‌లో చేతికి రావాలంటే కొలత దానికి కొన్ని నెలల ముందే తీయాలి. టెండరు, తయారీ, రవాణా ఉన్నవి గదా. జనవరిలో కొలిచి జూన్‌లో ఇస్తే, ఆ బూటు మరుసటి ఏప్రిల్ దాకా నడవాలి. అంటే కొలిచిన రోజు నుంచి పదిహేను నెలలు. ఏడాదికి ఒక నంబరు పెరిగే కాలు పదిహేను నెలల్లో ఒక నంబరు దాటిపోతుంది. కొలత ఎంత కచ్చితమైతే బూటు అంత త్వరగా బిగువవుతుంది! కాబట్టి పైన ఒక నంబరు వేసి ఇస్తారు. మదనపల్లె అంగట్లో తల్లి చేసిన పనే ప్రభుత్వమూ చేస్తుంది. ఏడాదికి ఒక్క జోడే అన్నంతవరకు ఈ చిక్కు విడదు.

ఆ చిక్కుకు రుజువు బడి వరండాల్లో కనిపిస్తుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఏ బడికి పోయినా, ప్రైవేటుదైనా సర్కారుదైనా, కొందరు పిల్లలు బూటు మడమను తొక్కి, చెప్పులాగా ఈడ్చుకొంటూ నడుస్తారు. దాన్ని మనం పొగరు అంటాం, క్రమశిక్షణ లేకపోవటం అంటాం. ప్రార్థన సమయంలో బయట నిలబెడతాం. ఆ మడమను ఎత్తి తొడిగించి, ముందు వేలితో నొక్కి చూసినవాళ్ళు ఎందరు? పిల్లవాడు క్రమశిక్షణను తొక్కటం లేదు. తనకు చాలని బూటును తాను చేయగలిగిన ఒకే ఒక మార్గంలో పెద్దది చేసుకొంటున్నాడు. అవి కొన్నవా, ఇచ్చినవా అన్నది వేరే సంగతి. వాడు నోటితో చెప్పని ఫిర్యాదును మడమతో చెపుతున్నాడు. మనం దాన్ని నేరంగా చదువుతున్నాం. చదవటం నేర్పే వృత్తిలో ఉన్నవాళ్ళకు ఇది తగదు.

మా మండలానికి పొరుగునే కర్ణాటక. చేళూరు, బాగేపల్లి వైపు తెలుగు మాట్లాడే కుటుంబాలెన్నో. అక్కడ ప్రభుత్వ బడిపిల్లలకు బూట్లూ మేజోళ్ళూ ఇచ్చే 'శూ భాగ్య' పథకం 2015–16లో మొదలైంది. పద్ధతి వేరు. డబ్బు పాఠశాల అభివృద్ధి సంఘానికి వస్తుంది. ప్రధానోపాధ్యాయుడూ తల్లిదండ్రుల సంఘమూ కలిసి దగ్గరలో కొంటారు. చాలాకాలం ఆ మొత్తం జతకు చిన్న తరగతులకు 265 రూపాయలు, మధ్య తరగతులకు 295, తొమ్మిది పది తరగతులకు 325గా ఉన్నది. ఆ డబ్బుతో ఎలాంటి బూటు వస్తుందో అంగడికి పోయినవాళ్ళెవరికైనా తెలుసు. అక్కడ కొలతకు వీలున్నది, డబ్బు చాలదు. ఇక్కడ ఒక్కసారిగా లక్షల జతలు కొనే శక్తి ఉన్నది, కాలికీ జోడుకూ మధ్య దూరం ఎక్కువ. ఈ రెండు పద్ధతుల మంచినీ కలపటం అసాధ్యమని నేననుకోను.

కొలతకు శాస్త్రం కూడా సిద్ధమవుతున్నది. చెన్నైలోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థవారు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలను యంత్రాలతో కొలిచారు. భారతీయుల పాదాలు ఐరోపా, అమెరికా వారి పాదాలకన్నా వెడల్పని తేలింది. అంటే వెడల్పు కోసం మనవాళ్ళు పొడుగు ఎక్కువున్న జోడు కొంటూ వచ్చారన్నమాట. ఆడపిల్లల పాదం పదకొండేళ్ళకూ, మగపిల్లల పాదం పదిహేను పదహారేళ్ళకూ పూర్తి పరిమాణానికి చేరుతున్నదని కూడా తేలింది. దీని ఆధారంగా 'భా' అన్న పేరుతో మన పాదాలకు మన కొలతల పద్ధతిని ప్రతిపాదించారు. ఇది జెండా పండుగ నాటి స్వదేశీ కాదు, బార్లీ గింజ నుంచి విముక్తి. కాని కొత్త కొలబద్ద కూడా పెద్ద కంపెనీల అచ్చులకే పరిమితమైతే పల్లె బడిలోని పాదానికి ఒరిగేదేమీ ఉండదు.

"ఏదో ఒకటి ఇస్తున్నారు గదా, అసలే లేనివాళ్ళకు అది చాలదా? కొలతలూ వంకలూ ఎందుకు?" అని అడిగేవారున్నారు. ఈ ప్రశ్న మంచివాళ్ళ నోటి నుంచీ వస్తుంది, కనుక జవాబు చెప్పాలి. దానం చేసేవాడు పుచ్చుకొనేవాడి కాలు కొలవడు. తనకు వీలైనది ఇస్తాడు, పుచ్చుకొన్నవాడు సర్దుకోవాలి. హక్కు అలా కాదు. హక్కు అన్నప్పుడు అవసరం ఎవరిదో వాళ్ళే కొలమానం. 1875లో గోథా కార్యక్రమాన్ని విమర్శిస్తూ మార్క్స్ చెప్పిన దాని సారం ఇదే: అసమానమైన మనుషులకు ఒకే కొలతను సమానంగా వర్తింపచేస్తే, ఫలితం అసమానత్వమే. ఈ సూత్రాన్ని మనం ఎన్నో సభల్లో విన్నాం. అది అర్థం కావటానికి ఒక రెండో తరగతి గది చాలు. నలభై మంది పిల్లలకు ఒకే నంబరు బూటు ఇస్తే సమానత్వమే, ముప్ఫైమంది కుంటుతారు. ఎవరి కాలికి తగినది వారికి ఇవ్వటంలోనే నిజమైన సమానత్వమున్నది.

పన్నుల్లో కూడా ఇదే పరీక్ష పెట్టి చూడవచ్చు. 2022 జనవరి 1 నుంచి వెయ్యి రూపాయల లోపు జోళ్ళ మీద పన్ను 5 నుంచి 12 శాతానికి పెంచారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా దాన్ని మళ్ళీ 5 శాతం చేశారు. తగ్గించినందుకు సంతోషమే. కాని పెద్దవాడు ఒక జోడు మూడేళ్ళు తొడుగుతాడు, పిల్లవాడికి ఏటా కొనాలి. ఇద్దరి జోడు మీదా ఒకే శాతమంటే, ఎదగటం మీద పన్ను వేసినట్లే. ఎదిగే పాదం మీద అసలు పన్నెందుకుండాలి?

మరి చేయవలసిందేమిటి? ఉపాధ్యాయ సంఘాలూ, విద్యార్థి సంఘాలూ అడగవలసినవి నాలుగున్నవి. మొదటిది, ఏడాదికి రెండు సార్లు కొలత, రెండు జోళ్ళు: ఒకటి జూన్‌లో, ఒకటి సంక్రాంతి తరువాత. కొలిచే పనికి ఉపాధ్యాయుడికి సహాయకుణ్ణి ఇవ్వాలి, యాప్ భారం ఆయన నెత్తిన వేయకూడదు. రెండవది, మార్పిడి. ప్రతి మండలంలోనూ అన్ని నంబర్లూ కొన్ని అదనంగా ఉంచితే, బిగువైన జోడు ఇచ్చి సరైనది తెచ్చుకోవచ్చు. మూడవది, నల్లటి మూసిన బూటే బూటు అన్న పట్టు సడలించటం. మా ఎండలకు మడమ పట్టీ ఉన్న తెరచిన జోడు మేలు, అది ఎదుగుదలనూ ఓర్చుకొంటుంది. కాన్వెంటు పిల్లవాడిలాగా తన బిడ్డా నల్ల బూట్లతో నడవాలని పేద తల్లి కోరటం నాకు అర్థమవుతుంది. ఆ కోరిక ఎగతాళి చేయతగినది కాదు, నూరేళ్ళ అవమానానికి జవాబు అది. ఆమె గౌరవానికి భంగం లేకుండా ఈ మార్పు రావాలంటే కలవారి బడులు ముందు మారాలి. నాలుగవది, కుట్టే చేయి. తోలు పని తెలిసిన కుటుంబాలు మా సీమలో ఇంకా ఉన్నవి, బస్టాండుల్లో పాత చెప్పులకు మేకులు కొట్టుకొంటూ ఉన్నవి. లిడ్‌క్యాప్ వంటి ప్రభుత్వ తోళ్ళ సంస్థల ద్వారా వాళ్ళ సహకార సంఘాలకు మండలం బడుల జోళ్ళ పని ఇస్తే, కొలత తెలిసిన చేతికీ కొలత కావలసిన కాలికీ మధ్య దూరం పది మైళ్ళకు తగ్గుతుంది.

ఈ నాలుగూ సాధించేదాకా ఊరుకొని కూర్చోనక్కరలేదు. ఈ వ్యాసం చదివే ఉపాధ్యాయులు రేపు తరగతిలో మడమ తొక్కిన బూటు కనిపిస్తే, బెత్తం పక్కన పెట్టి, ఒకసారి వంగి బొటనవేలికి ముందు నొక్కి చూడండి. ఖాళీ ఎంత ఉన్నదో ఒక కాగితం మీద రాయండి. తరగతిలో అందరివీ రాయండి. కొలతలన్నీ ఒకచోట చేరిస్తే అది ఒక విజ్ఞప్తి పత్రమవుతుంది. ప్రతి పాదానికీ అంకె ఉన్న విజ్ఞప్తిని, వట్టి మాటలతో నిండినదాన్ని తోసివేసినంత సులభంగా ఏ కార్యాలయమూ తోసివేయలేదు.